సబ్‌వూఫర్ ప్లేట్ ఆంప్‌లు ఎందుకు పోతున్నాయి? డుబ్ డుబ్ శబ్దం, చచ్చిన లైటు: ఎక్కడ మొదలుపెట్టాలి

#1 గ్రౌండ్‌లూప్

నా దగ్గర రెండు సబ్‌లు (సబ్‌వూఫర్లు), రెండు రకాల జబ్బులు. రెండింటికీ ప్లేట్ ఆంపే, అంటే డబ్బా వెనక ప్లేట్‌కి బిగించిన ఆంప్లిఫయర్.

మొదటిది 12 అంగుళాల పోర్టెడ్ (డబ్బాకి గాలి రంధ్రం ఉన్న) సబ్. 300 వాట్ల ప్లేట్ ఆంప్, క్లాస్ ఏబీ, టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్. ఆన్ చేశాక అరగంట దాకా బాగానే పలుకుతుంది. తర్వాత సౌండ్ ఉన్నా లేకపోయినా కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే స్పీకర్ పొర) సెకనుకి రెండు మూడుసార్లు డుబ్ డుబ్ డుబ్‌మని కొట్టుకుంటుంది. ఫ్యూజు బాగానే ఉంది.

రెండోది 8 అంగుళాల సీల్డ్ (రంధ్రం లేని) సబ్. క్లాస్ డీ, ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై). పూర్తిగా చచ్చింది, లైటు కూడా రాదు.

సర్వీసు వాళ్లది రెండింటికీ ఒకటే మాట: "బోర్డు మార్చాలి, ఆ బోర్డు ఇప్పుడు రావట్లేదు." మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి, స్కోప్ లేదు. ముందు ఏం చూడాలి? ఏవీఆర్‌లు (హోమ్ థియేటర్ రిసీవర్లు) ఏళ్ల తరబడి నడుస్తుంటే సబ్ ఆంప్‌లకే ఈ కర్మ ఎందుకు?

#2 బోర్డుడాక్టర్

చివరి ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతా రెండూ తేలికవుతాయి. ప్లేట్ ఆంప్ ఉండే చోటే దానికి శత్రువు. మూసిన డబ్బాలో గాలి ఆడదు, ముందు డ్రైవర్ (స్పీకర్) గుద్దుతుంటే బోర్డు మొత్తం అదురుతుంది, పైగా ఆటో ఆన్ (సిగ్నల్ రాగానే తనంతట లేవడం) కోసం 24 గంటలూ కరెంటు మీదే ఉంటుంది. వాల్యూమ్ ఎక్కువ పెట్టడం వల్ల పోయేవాటికంటే వేడికి ఎండిపోయి, అదురుకి సోల్డర్ చిట్లి పోయేవే ఎక్కువ.

మీ మొదటి సబ్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అవి షార్టయితే ఫ్యూజు పోతుంది, లేదా కోన్ లోపలికో బయటికో లాక్కుపోయి అక్కడే నిలబడుతుంది. కొట్టుకోదు. ముందు ఆర్‌సీఏ (సిగ్నల్ కేబుల్) పీకి చూడండి:

పీకగానే ఆగితే తప్పు బయట ఉంది, గ్రౌండ్ లూపో (పరికరాల గ్రౌండ్లు రెండు దారుల్లో కలవడం) కేబులో. పీకినా సన్నగా ఎడతెగని హమ్ ఉంటే మెయిన్ ఫిల్టర్ కెపాసిటర్లు, లేదా బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్లు). ఆ హమ్ మెయిన్స్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు ఉంటుంది. 50 హెర్ట్జ్ సప్లై అయితే 100, 60 అయితే 120. పీకినా డుబ్ డుబ్ ఆగకపోతే ఆప్‌ఆంప్‌లకి (సిగ్నల్‌ని పెంచే చిన్న ఐసీలకి) వెళ్లే ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల సప్లై మీద నూటికి తొంభై పాళ్లు అనుమానం.

#3 గ్రౌండ్‌లూప్

ఆర్‌సీఏ పీకినా ఆగట్లేదు.

#4 బోర్డుడాక్టర్

అయితే మూడోదే. విప్పే ముందు ఒక పని. మెయిన్స్ ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. క్లాస్ ఏబీ బోర్డులో పెద్ద కెపాసిటర్లు సాధారణంగా 10,000 మైక్రోఫారడ్ చొప్పున ఉంటాయి. 220 ఓమ్, 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టి ఒక్కోదాన్ని 15 సెకన్లు డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసుకోండి. ఎస్ఎంపీఎస్ బోర్డు ప్రైమరీ (మెయిన్స్ వైపు) కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది. దానికి 10 కిలో ఓమ్, 5 వాట్లు, అర నిమిషం. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు ఉంటే మానుకోండి, ట్రాక్ ఎగిరిపోతుంది, కళ్లకీ ప్రమాదం.

తర్వాత బోర్డు చూడండి. ప్రీఆంప్ (ఆప్‌ఆంప్‌లు ఉండే) భాగం దగ్గర రెండు లావుపాటి రెసిస్టర్లు, వాటి కింద బోర్డు కాఫీ రంగుకి తిరిగి ఉంటుంది. అదే చోటు.

#5 సిరీస్‌ల్యాంప్

ఆ రెండు రెసిస్టర్లు ఏం చేస్తాయో లెక్కతో చెబుతాను. మెయిన్ రైల్స్ (ఆంప్‌కి కరెంటిచ్చే సప్లైలు) ప్లస్, మైనస్ 58 వోల్టులు అనుకుందాం. 15 వోల్టులకి దించడానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్, 15 వోల్టుల జీనర్ (వోల్టేజ్‌ని నిలిపి ఉంచే డయోడ్) పెడతారు. రెసిస్టర్ మీద 43 వోల్టులు పడతాయి, 43 మిల్లీయాంపులు పారతాయి, అంటే 1.85 వాట్లు వేడిగా మారతాయి. అక్కడ 3 వాట్ల మెటల్ ఆక్సైడ్ వేసి సరిపోతుందిలే అనుకుంటారు. కాగితం మీద సరిపోతుంది. మూసిన డబ్బాలో రాత్రింబవళ్లు కాలుతుంటే దాని విలువ మెల్లగా పెరుగుతూ పోతుంది. ఆనుకుని ఉన్న 100 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ ఎండిపోతుంది. జీనర్ కాళ్ల దగ్గర సోల్డర్ చుట్టూ వెంట్రుక సందున గుండ్రటి చీలిక వస్తుంది. భూతద్దం పెట్టి, లైటు పక్కనుంచి కొట్టేలా చూస్తేగానీ కనపడదు.

పవర్ ఉన్నప్పుడు ఆప్‌ఆంప్ కాళ్ల మీదే కొలవండి. టీఎల్072, 4558, ఎన్ఈ5532 లాంటి 8 కాళ్లవైతే 8వ కాలు ప్లస్, 4వ కాలు మైనస్. టీఎల్074 లాంటి 14 కాళ్లదైతే 4వది ప్లస్, 11వది మైనస్. ఆన్ చేయగానే ఒకసారి, డుబ్ డుబ్ మొదలయ్యాక ఒకసారి. ప్రోబ్ జారి పక్క కాలికి తగిలితే కొత్త రిపేరు నెత్తిన పడుతుంది. ప్రోబ్ కొనకి స్లీవ్ తొడిగి మొన మాత్రం బయట ఉంచుకోండి.

#6 ఎల్ఎఫ్ఈ_శ్రీను

మధ్యలో దూరుతున్నా, ఇది చదివేవాళ్లకి పనికొస్తుంది. "సబ్ పోయింది" అని వచ్చే సెట్లలో కొన్ని అసలు పోనేపోవు. ఏవీఆర్‌లో సబ్ లెవెల్ మైనస్ 10 డీబీ దగ్గర, సబ్ వెనక గెయిన్ ముప్పావు దగ్గర ఉంటే, వచ్చే సిగ్నల్ ఆటో ఆన్ సర్క్యూట్‌కి ఆనదు. తక్కువ వాల్యూమ్‌లో సినిమా చూస్తుంటే పది, పదిహేను నిమిషాలకి సబ్ నిద్రపోతుంది. దానికి మందు: సబ్ గెయిన్ తగ్గించి ఏవీఆర్ ట్రిమ్ (సబ్ లెవెల్) సున్నా వైపు పెంచడం. స్విచ్ "ఆటో" నుంచి "ఆన్"కి మార్చి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

#7 టంకంబాబు

జిగురు సంగతి ఎవరూ ఎత్తలేదేం? పెద్ద కెపాసిటర్లు అదరకుండా ఫ్యాక్టరీలో పసుపు జిగురు పూస్తారు. కొన్ని రకాలు వేడికి ముదురు గోధుమ రంగుకి తిరిగి, గట్టిపడి, కరెంటుని కొంచెం కొంచెంగా పారనిస్తాయి. అంతటితో ఆగదు, కింద ఉన్న డయోడ్ కాళ్లని, జంపర్ వైర్లని తినేస్తాయి. బోర్డు మీద అన్నీ మంచి పార్టులే ఉన్నా వోల్టేజీలు పిచ్చిపిచ్చిగా వస్తుంటే జిగురు కిందే చూడాలి.

లేత పసుపు, రబ్బరులా సాగుతుంటే దాని జోలికి పోకండి. గోధుమ రంగు, పెళుసుగా ఉంటే తీయాల్సిందే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పదినిమిషాలు నాననిచ్చి, ప్లాస్టిక్ లేదా వెదురు పుల్లతో గీకండి. కత్తి పెడితే సోల్డర్ మాస్క్ లేచిపోతుంది. ఆకుపచ్చగానో నల్లగానో మారిన కాళ్లున్న పార్టు మీటర్లో బాగున్నా సరే మార్చేయండి. కెపాసిటర్లని మళ్లీ పట్టి ఉంచడానికి న్యూట్రల్ క్యూర్ సిలికాన్ వాడాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం, అది రాగిని తింటుంది.

#8 గ్రౌండ్‌లూప్

కొలిచాను. ప్లస్ వైపు 15.1, కదలట్లేదు. మైనస్ వైపు ఆన్ చేయగానే 13 చిల్లర, డుబ్ డుబ్ మొదలయ్యాక 9.4 దగ్గర ఊగుతోంది. ఆపి, డిశ్చార్జ్ చేసి, వేడి మీదే ఆ రెసిస్టర్ కొలిస్తే 2.4 కిలో ఓమ్ చూపిస్తోంది. రంగు గీతల ప్రకారం అది 1 కిలో ఓమ్. బోర్డు నుంచి తీయకుండానే కొలిచాను, నమ్మొచ్చా?

#9 సిరీస్‌ల్యాంప్

నమ్మొచ్చు. కెపాసిటర్లు ఖాళీగా ఉంటే, బోర్డు మీద కొలిచిన రెసిస్టర్ పక్కదారుల వల్ల అసలు విలువ కంటే తక్కువ చూపొచ్చు గానీ ఎక్కువ చూపదు. ఎక్కువ చూపిందంటే అది పోయినట్టే.

లెక్క కూడా సరిపోతోంది చూడండి. 58 లోంచి 9.4 తీస్తే 48.6 వోల్టులు. దాన్ని 2.4 కిలో ఓమ్‌తో భాగిస్తే 20 మిల్లీయాంపులు. ఆప్‌ఆంప్‌లు, మ్యూట్ సర్క్యూట్ కలిపి మామూలుగా తాగేది అంతే. అంటే ఆప్‌ఆంప్‌లు షార్టవలేదు, కెపాసిటర్ లీకవ్వట్లేదు, రెసిస్టరే కరెంటు ఇవ్వలేకపోతోంది. అదే రెసిస్టర్ 1 కిలో ఓమ్ చూపించి వోల్టేజ్ 9.4 ఉండి ఉంటే 48 మిల్లీయాంపులు ఎక్కడికో పోతున్నట్టు. అప్పుడు ఆప్‌ఆంప్‌లని ఒక్కొక్కటే తీసి చూడాల్సి వచ్చేది.

డుబ్ డుబ్ ఎందుకంటారా, 15 దాకా చేరకపోతే జీనర్‌కి పనే లేదు. రెగ్యులేషన్ పోయింది. కోన్ ఒకసారి గట్టిగా కదిలితే మెయిన్ రైల్ కుంగుతుంది, దాంతో ఈ 9.4 కదులుతుంది, ప్రీఆంప్ ఔట్‌పుట్ కదులుతుంది, అది పెద్దదై మళ్లీ కోన్‌ని తంతుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది.

#10 బోర్డుడాక్టర్

మార్చాల్సినవి: రెండు డ్రాపర్ (వోల్టేజ్ దించే) రెసిస్టర్లూ (మంచిగా ఉన్నది కూడా అదే వయసుది) 1 కిలో ఓమ్, 5 వాట్ల వైర్‌వౌండ్, బోర్డు నుంచి 8 మిల్లీమీటర్లు పైకి లేపి. జీనర్లు రెండూ, 1 వాట్ 1ఎన్4744ఏ ఉంటే 5 వాట్ల 1ఎన్5352బీ వేయండి, దాని కాళ్లు లావు, రంధ్రాలు సరిచూసుకోవాలి. 100 మైక్రోఫారడ్‌లు రెండూ 105 డిగ్రీలవి, 35 వోల్టులవి. వీలైతే వాటి కాళ్లు పొడవుగా ఉంచి, స్లీవ్ తొడిగి, రెసిస్టర్‌కి దూరంగా వంచండి.

పెద్ద వాట్ల రెసిస్టర్ వేస్తే వేడి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. అదే 1.85 వాట్లు పుడతాయి, పెద్ద ఒళ్లు కాబట్టి పైన సెగ తగ్గుతుంది, అంతే. అందుకే పైకి లేపడం ముఖ్యం.

మెయిన్ కెపాసిటర్లు 63 వోల్టులవై ఉంటే ఓ మాట. సప్లై 230 ఉన్నప్పుడు రైల్ 58 అయితే, సప్లై 250కి పోయినప్పుడు రైల్ 63. మిగులు ఏమీ లేదు. ఎప్పుడు మార్చినా 80 వోల్టులవి వేయండి, వ్యాసం పట్టేలా చూసుకుని.

#11 క్లాస్‌డీ_రాణి

రెండో సబ్ సంగతి నేను చూస్తాను. ముందు ఫ్యూజు.

గాజు లోపల నల్లగా, వెండిపూత పూసినట్టు ఉంటే గట్టి షార్ట్. బ్రిడ్జ్, ప్రైమరీ మోస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) చూడాలి. మోస్‌ఫెట్ షార్టయితే ఒంటరిగా పోదు, సోర్స్ దగ్గరి 0.22 లేదా 0.47 ఓమ్ రెసిస్టర్‌ని, గేట్ రెసిస్టర్‌ని, తరచు కంట్రోల్ ఐసీని కూడా తీసుకుపోతుంది. నాలుగూ ఒకేసారి మార్చకపోతే కొత్త మోస్‌ఫెట్ ఆన్ చేయగానే పేలుతుంది. గాజు శుభ్రంగా ఉండి మధ్యలో తీగ మాత్రం తెగితే ఓవర్‌లోడ్, లేదా ఫ్యూజు ముసలిదైంది. టీ 3.15 ఏ అని ఉంటే స్లో బ్లో టీ 3.15 మాత్రమే వేయండి. పెద్దది వేస్తే తర్వాత కాలేది ట్రాకు.

ఫ్యూజు బాగుంటే ప్రైమరీ పెద్ద కెపాసిటర్ మీద డీసీ కొలవండి. మీటరు నల్ల ప్రోబ్ ఆ కెపాసిటర్ మైనస్‌కే పెట్టాలి, మెటల్ ప్లేట్‌కి కాదు. ప్లేట్ సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఉండే) వైపుది. 320 చుట్టూ ఉంటే బ్రిడ్జ్ దాకా అంతా క్షేమం. ఏమీ లేకపోతే ఎన్‌టీసీ (ఆన్ చేసినప్పటి ఉరవడి కరెంటుని ఆపే రెసిస్టర్) తెగిందేమో చూడండి.

320 ఉండి లైటు లేకపోతే 3842, 3844 రకం ఐసీ ఉన్న బోర్డుల్లో మూడే అనుమానాలు. స్టార్టప్ రెసిస్టర్ (వందల కిలో ఓమ్‌లలో ఉంటుంది) తెగడం, వీసీసీ (ఐసీకి సప్లై ఇచ్చే) కెపాసిటర్ ఎండటం, సెకండరీలో షార్ట్. బోర్డుకి చెవి దగ్గర పెట్టి కాదు, అడుగు దూరం నుంచే వినండి: టిక్ టిక్ అంటోందా?

#12 గ్రౌండ్‌లూప్

ఫ్యూజు బాగుంది, 322 వోల్టులు ఉంది, సన్నగా టిక్ టిక్ వినపడుతోంది. సిరీస్ ల్యాంప్ (మెయిన్స్ దారిలో వరసగా బల్బు) పెట్టి ఆన్ చేయమంటారా?

#13 క్లాస్‌డీ_రాణి

టిక్ టిక్ ఉందంటే ఐసీ బతికే ఉంది. ఆ ఐసీ 16 వోల్టుల దగ్గర లేస్తుంది, 10కి పడితే పడుకుంటుంది. లేచాక తన తిండి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట నుంచి తెచ్చుకునేలోపు వీసీసీ కెపాసిటర్ దాన్ని మోయాలి. ఎండిన కెపాసిటర్ మోయలేదు. లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. తేల్చుకోవడానికి చిట్కా: ప్లగ్ పీకి, ఆ కెపాసిటర్‌ని హెయిర్ డ్రైయర్‌తో నిమిషం వెచ్చబెట్టి వెంటనే ఆన్ చేయండి. వేడికి ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) తగ్గుతుంది కాబట్టి సెట్ లేస్తే దొంగ అదే. 47 మైక్రోఫారడ్, 50 వోల్టులు, లో ఈఎస్ఆర్, 105 డిగ్రీలది వేయండి, బోర్డు మీద వేరే విలువ రాసి ఉంటే అదే. వెచ్చబెట్టినా టిక్ టిక్ ఆగకపోతే సెకండరీ డయోడ్లు, ఔట్‌పుట్ మోస్‌ఫెట్లు షార్టేమో చూడాలి.

సిరీస్ ల్యాంప్ పెట్టండి, మంచిదే. 60 నుంచి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరి, వెలుగు తగ్గకపోతే షార్ట్. వెలిగీ ఆరీ వెలిగీ ఆరీ కొట్టుకుంటే కంగారుపడొద్దు, ఎస్ఎంపీఎస్‌కి బల్బు అడ్డుతో వోల్టేజ్ చాలక అలా చేస్తుంది. డ్రైవర్ వైర్లు పీకి చూడండి.

#14 టంకంబాబు

బయటి దేశం నుంచి తెచ్చిన సబ్ అయితే వెనక 115/230 స్విచ్ ఎటు ఉందో చూసుకోండి. 115 దగ్గర ఉంచి 230 ఇస్తే లోపలి డబ్లర్ (వోల్టేజ్‌ని రెట్టింపు చేసే సర్క్యూట్) 650 వోల్టులు పుట్టిస్తుంది. 200 వోల్టుల కెపాసిటర్లు రెండూ ఢామ్.

#15 వాయిస్‌కాయిల్

ఆంప్ బాగుచేసి డ్రైవర్‌కి నేరుగా తగిలించేవాళ్లున్నారు. దయచేసి ఆగండి. డ్రైవర్ లేకుండా స్పీకర్ వైర్ల మీద డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది, 100 దాటితే ఇంకా ఏదో ఉంది. రైల్ వోల్టేజే వచ్చేస్తే డ్రైవర్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) నిమిషాల్లో మాడుతుంది.

డ్రైవర్‌నీ విడిగా పరీక్షించాలి. 4 ఓమ్ డ్రైవర్ కాయిల్ మీటర్లో 3.2 నుంచి 3.6 చూపాలి, 8 ఓమ్‌ది 5.5 నుంచి 6.5. 4 ఓమ్‌ది 2కి దిగి ఉంటే చుట్లు కలిసిపోయాయి, ఆంప్‌ని చంపింది అదే కావచ్చు, కొత్తదాన్నీ చంపుతుంది. తర్వాత రెండు చేతుల వేళ్లతో కోన్‌ని సమంగా నొక్కి వదలండి. గరగర వినిపిస్తే కాయిల్ ఉబ్బి గ్యాప్‌లో రాసుకుంటోంది. 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ని ప్లస్‌కి తాకిస్తే కోన్ ముందుకి రావాలి, పోలారిటీ గుర్తు పెట్టుకోవడానికి.

#16 ఎల్ఎఫ్ఈ_శ్రీను

ఔట్‌పుట్ పోయిన సెట్‌లో షార్టయిన ట్రాన్సిస్టర్ ఒక్కటి మారిస్తే సరిపోదా? పక్కవన్నీ మీటర్లో బాగానే చూపిస్తుంటాయి.

#17 బోర్డుడాక్టర్

సరిపోదండీ. షార్టయిన క్షణంలో పక్కదాని మీదా భారం పడింది, మీటరు డయోడ్ మోడ్‌కి ఆ దెబ్బ కనపడదు. ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అన్నీ సెట్‌గా మార్చాలి, డ్రైవర్ ట్రాన్సిస్టర్లు (స్పీకర్ కాదు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లని నడిపేవి), 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్లు కొలవాలి. 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 జోడీకి నకిలీల బెడద ఎక్కువ. అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర టీటీసీ5200, టీటీఏ1943 పేరుతో దొరికేవి తీసుకోండి. మైకాకి (ఇన్సులేషన్ రేకుకి) కొత్త పేస్ట్ పూసి, బిగించాక కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాకూడదు. బయాస్ (సౌండ్ లేనప్పుడు పారే కరెంటు) ప్రీసెట్ ఉంటే ముందు తక్కువకి తిప్పి, 0.22 ఓమ్ మీద 5 మిల్లీవోల్టులు, అంటే సుమారు 23 మిల్లీయాంపులు పెట్టి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి.

#18 క్లాస్‌డీ_రాణి

క్లాస్ డీలో ఇంకో తంటా ఉంది. ఐఆర్ఎస్2092 లాంటి ఐసీ ఉన్న హాఫ్ బ్రిడ్జ్ ఆంప్ లోతైన బాస్ వాయిస్తుంటే కరెంటు తిరిగి రైల్‌లోకి పంప్ అవుతుంది, ఒక రైల్ పైకి లేస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర మరీ ఎక్కువ. రైల్ కెపాసిటర్లు ఎండి సామర్థ్యం తగ్గితే ఆ లేవడం పెరిగి ప్రొటెక్షన్ కొడుతుంది. "పాటలకి బాగుంది, సినిమాలో పెద్ద పేలుడు రాగానే ఆగిపోతోంది" అనే ఫిర్యాదుకి ఔట్‌పుట్ కంటే ముందు రైల్ కెపాసిటర్లే చూడాలి.

#19 గ్రౌండ్‌లూప్

వాడనప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే ఆయుష్షు పెరుగుతుందా? రోజూ ఆన్ ఆఫ్ చేస్తే కరెంటు దెబ్బకి పోతుందని ఇంకోచోట చదివాను.

#20 సిరీస్‌ల్యాంప్

ఆపేయండి. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసిన కెపాసిటర్, వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా రెట్టింపు కాలం వస్తుంది. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. 24 గంటలూ ఆన్‌లో ఉంటే అది మూడున్నరేళ్ల పైచిలుకు. అదే 85 డిగ్రీల సరుకైతే 8,000 గంటలే, ఏడాది కూడా నిండదు. 5,000 గంటల 105 డిగ్రీలది వేస్తే తొమ్మిదేళ్లు. గడువు తీరిన రోజే చస్తుందని కాదు, స్పెసిఫికేషన్ దాటిపోతుందని. రోజుకి నాలుగు గంటలే ఆన్‌లో ఉంటే ఈ లెక్క ఆరింతలు.

ఆన్ చేసినప్పటి ఉరవడి కరెంటుని ఎన్‌టీసీ ఆపుతుంది, రోజుకోసారికి ఏమీ కాదు. ఆపి వెంటనే వేయడమే చెడ్డది, ఎన్‌టీసీ వేడిగా ఉంటే అడ్డుకోదు. ఒక నిమిషం ఆగి వేయండి. గోడకి, ప్లేట్‌కి మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు వదలండి.

#21 వాయిస్‌కాయిల్

బోర్డు బాగుపడకపోతే బయటి ఆంప్ పెట్టుకునేవాళ్లకి హెచ్చరిక. పాత ప్లేట్‌లో ఆ డబ్బాకి తగ్గ ఈక్యూ (టోన్ సర్దుబాటు), సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన బాస్‌ని ఆపేది) ఉండేవి. అవి ఇప్పుడు లేవు. పోర్టెడ్ డబ్బాలో ట్యూనింగ్ (గాలి రంధ్రం పలికే ఫ్రీక్వెన్సీ) కంటే కింది ఫ్రీక్వెన్సీలకి గాలి కోన్‌ని పట్టి ఉంచదు, తక్కువ వాట్లకే కాయిల్ మాగ్నెట్ వెనక ప్లేట్‌ని గుద్దుతుంది. ట్యూనింగ్ 25 హెర్ట్జ్ అయితే 20, 22 మధ్య ఆక్టేవ్‌కి 24 డీబీ హైపాస్ పెట్టాలి. కాబట్టి డీఎస్పీ (ఇలాంటి ఫిల్టర్లు పెట్టుకునే డిజిటల్ భాగం) ఉన్న ఆంపే కొనండి. సీల్డ్ డబ్బాకి ఈ బెడద తక్కువ, కానీ పాత ఈక్యూ లేక బాస్ పల్చగా అనిపిస్తుంది.

#22 గ్రౌండ్‌లూప్

మొదటి సబ్‌కి రెసిస్టర్లు, జీనర్లు, కెపాసిటర్లు వేశాను. ప్లస్ 15.1, మైనస్ 15.0, గంటన్నర అయినా కదల్లేదు. డీసీ 11 మిల్లీవోల్టులు. డుబ్ డుబ్ పోయింది. కానీ తిరిగి బిగించాక బాస్ ఎక్కువైతే వెనకనుంచి బుస్సుమంటోంది. చిన్నదాని కెపాసిటర్ ఇంకా రాలేదు.

#23 టంకంబాబు

గాలి లీకవుతోంది. 30 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, తడి వేలు ప్లేట్ అంచు వెంట తిప్పండి, చల్లగా తగిలిన చోటే సందు. పాత ఫోమ్ నలిగిపోయి ఉంటుంది, గీకేసి 3 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోమ్ టేపు వేయండి, మూలల్లో ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా. స్క్రూలు ఎదురెదురుగా బిగించుకుంటూ రండి. ఎండీఎఫ్‌లో గాడి పోయిన రంధ్రాలకి అగ్గిపుల్ల, వుడ్ గ్లూ పెట్టి ఆరాక మళ్లీ వేయాలి. లోపలి వైర్లు కోన్‌కి తగలకుండా టై వేశారో లేదో కూడా చూసుకోండి, ఒక్కోసారి ఆ చప్పుడూ లీకులాగే వినిపిస్తుంది.